ఏడో జత

గుమ్మం ముందు జోళ్లు చెల్లాచెదురుగా ఉంటే దియకు మనసు ఊరుకోదు. వంగి జతలుగా సర్దాల్సిందే. అమెరికాలో, ఫ్రిస్కోలోని ఇంట్లో అమ్మ చేసిన అలవాటది. కాలేజీ గుర్తింపు తీసేసినా అద్దె ఇంట్లో నడుస్తున్న సొరోరిటీలో, అంటే కాలేజీ అమ్మాయిల సంఘంలోనూ అంతే. కొత్తవాళ్లను చేర్చుకునే రోజున ప్రెసిడెంట్ నమ్రత, దియతో సహా ఆరుగురి కళ్లకు గంతలు కట్టించి, వాళ్ల జోళ్లన్నీ కుప్ప పోయించింది.

"మోకాళ్ల మీద పాకి వెతుక్కోండి. కంప్లైంట్ ఎవరికి చేస్తారు? కాలేజీ లిస్ట్‌లో మనం లేనే లేం!"

దియ గంతలు విప్పేసింది. పొద్దున తను సర్దిన జోళ్లే గనక, ఎవరివి వాళ్ల కాళ్ల దగ్గర పెట్టింది.

"వేసుకోండి. మా రూమ్‌కి వెళ్దాం."

ఆరుగురూ తలెత్తుకుని బయటికి నడిచారు.

సాయంత్రం రూమ్ తలుపు చప్పుడైతే దియ తీసింది. ఆరు జతల పక్కన, నమ్రత వంగి తన జోళ్లు సర్దుతోంది.