పండ్ల దవాఖానల గులాబి ఏనుగు

ఇప్పుడైతె పంటి దవాఖానకు పోతె చల్లటి గది, గోడకు టీవీ, కూసునేటందుకు మెత్తటి సోఫాలు. మా కాలంల గివేవీ లేవు. పన్ను నొస్తె ముందుగాల లవంగం, అది పనిచెయ్యకపోతె కర్పూరం, అదీ కాకపోతె తంబాకు కుక్కుడు, ఆఖరుకు దవడ చుట్టు తువ్వాల కట్టుకొని కనవడ్డ దేవునికల్ల మొక్కుడు. ఇవన్నీ అయిపోయినంక, ఆ మూలుగుడు వినలేక ఇంట్లోళ్లు చెరో రెక్క పట్టుకొని లాక్కొస్తె అప్పుడు దవాఖాన మెట్లెక్కేటోళ్లు. ఎక్కినోళ్లల్ల సగం మంది పన్ను పీకించుకోకుండనే మల్ల దిగేటోళ్లు. దిగేటోళ్లను ఆపుడే నా మొదటి ఉద్యోగం.

తొంభైల మాట ఇది. జడ్చర్ల చౌరస్త కాడ ఒక టైర్ల దుకాణం, దాని మీద కొత్తగ తెరిసిన మా దవాఖాన. నాకు పంతొమ్మిదేండ్లు, ఇంటర్ అయిపోయింది. అప్పటికే మగ్గం ఇడిసిపెట్టి బట్టల దుకాణంల పనికి కుదిరిన మా బాపు, "ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్ బిడ్డా, డాక్టర్ మంచోడంట, పో" అని పంపిండు. డాక్టర్ సాబ్ హైదరాబాద్‌ల సదువు ముగించుకొని అప్పుడే వచ్చిండు. సన్నటి మనిషి, మెత్తటి మాట. చెయ్యి కూడా మెత్తదే గని, ఆ సంగతి తెలుసుకునేదాక ఎవ్వరూ ఉండకపోయేది. బయట బోర్డు మీద ‘పండ్ల దవాఖాన’ అని పెద్ద అక్షరాలతోని రాయించిండు. (మా దిక్కు నోట్లయీ పండ్లే, తినేయీ పండ్లే. తెరిసిన మొదటి వారమే ఒకాయన ఆయాసపడుకుంట మెట్లెక్కొచ్చి, "బత్తాయిలు డజనెంత?" అని అడిగిండు. ఆయన పండ్లు మాత్రం ముత్యాల తీరుగ ఉండె. డాక్టర్ సాబ్ చాలాసేపు బాధపడ్డడు.)

మా దవాఖానకు పట్టిన అసలు రోగం పరద. లోపటి కుర్సీకి, బయటి బెంచీలకు నడుమ గోడ లేదు, ఒక్క పూల పరదనే అడ్డం. లోపట ఒకరు "అమ్మో" అంటె బయట అందరూ లేచి నిలవడేటోళ్లు. లోపట మిషన్ జుయ్యిమంటె బయట చెప్పులు దేవులాడుకునేటోళ్లు. పనిముట్లు ఉడకవెట్టేటందుకు ఒక ఖాలా ఉండె (చిన్నమ్మ అన్నట్టు, మా అందరికీ ఖాలానే, డాక్టర్ సాబ్‌కు కూడా). ఆమె ధైర్యం చెప్పే తీరే వేరు. "అరె, ఎందుకు భయపడ్తవ్ బేటా? నిన్న ఒకనికి గింత లావు పన్ను పీకిండు, గిన్నె నిండ నెత్తురు కారింది, అయినా మనిషి మంచిగనే బతికి ఉన్నడు!" అనేది. ఇన్నోడు ఇన్నట్టే మాయం.

వారానికొక్కసారి సంత, అదే అంగడి, ఆ రోజైతె చెప్పొద్దు. ఊర్లన్నీ జడ్చర్లకే దిగేటియి, బెంచీలు నిండేటియి, పిల్లలు ఏడుస్తుంటె పెద్దోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకొని చెమటలు తుడుసుకునేటోళ్లు. ఒక్కడు ఉరికిండంటె చాలు, వాని ఎనుక బెంచంతా ఉరికేది. గసొంటి ఒక అంగడి రోజు సాయంత్రం డాక్టర్ సాబ్ నన్ను పిలిచిండు. "చూడమ్మా, ఇంకో రెండు అంగళ్లు చూస్తాను. ఇట్లనే ఉంటె ఈ కుర్సీని లారీల వేసుకొని నేను హైదరాబాద్ పోతాను. కూసునేటోళ్లే లేకపోతె నేనెందుకు, నువ్వెందుకు?" అన్నడు. మెత్తగనే అన్నడు. ఉద్యోగం దొరికిందని వాడకట్టంత తిరిగి చెప్పిన, ఇప్పుడు పోయిందని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?

ఆ దినాలల్ల పొద్దుగాల పూట నేను కంప్యూటర్ నేర్సుకుంటుంటి. అక్కడ నేర్పే సారు కంప్యూటర్‌ను కొత్తకోడలు తీరుగ చూసేటోడు. దానికి ముసుగు, దానికి ఫ్యాను, మాకేమో ఉక్కపోత. చెప్పులు బయట ఇడిసి, చేతులు కడుక్కొని లోపటికి పోవాలె. ఒకరోజు ఆయన దాంట్ల బొమ్మలు తీసుడు చూపిచ్చిండు. ఏనుగు, చిలక, నెమలి, తాబేలు, లోపట ఖాళీ, చుట్టు గీతలు మాత్రమే. ప్రింటర్ కీచుకీచుమని వాడకట్టంత ఇనవడేటట్టు అరుసుకుంట వాటిని అచ్చు గొట్టింది. ఆ కాయితాలు ఇప్పటి తీరుగ విడివిడిగ ఉండకపోయేది. ఒకదానికొకటి అంటుకొని, అంచులకు బొక్కలతోని, మడతలు మడతలుగ పొడుగ్గ వచ్చేటియి. సిరా సరిగ పడలేదని సారు ఒక చిలకను పక్కకు పారేస్తె నేను దవాఖానకు పట్టుకపోయిన. అక్కడ కిందవడి పొర్లుతున్న ఒక పిల్లగానికి ఆ చిలకను, మా తమ్ముని మైనం రంగులను ఇచ్చిన. వాడు టక్కున ఊకున్నడు. వాడు ఊకున్నందుకు కాదు నేను ఆశ్చర్యపోయింది. జరసేపైనంక వాని నాయిన, "ఇటు తే, నీకు రాదు, గీత దాటుతున్నవ్" అని రంగు గుంజుకొని నాలుక బయటవెట్టి తానే ఏసుకుంట కూసున్నడు. వాచిన దవడ సంగతి ఆయనకు యాది లేదు!

ఇగ ఆగుతనా నేను? కంప్యూటర్ సార్ కాళ్లావేళ్లా పడి, వచ్చే అంగడికి ఒక పొడుగాటి బొమ్మల కట్ట అచ్చు గొట్టిచ్చుకున్న. "ఇష్టమొచ్చినట్టు చింపకు, బొక్కల గీత మీదనే నిదానంగ చింపాలె" అని సారు పది తీర్ల చెప్పిండు. అంగడి నాడు నిదానం ఎక్కడుంటది? జనం ఎగవడ్డరు. చింపెటందుకు చెయ్యి ఖాళీ లేక, కట్ట మొత్తం ఆ మొదలు నుంచి ఈ కొస దాక బెంచీల మీద అందరి ఒడిల పరిచిన, పెండ్లి బంతిల విస్తరాకులు ఏసినట్టు. పరిచినంక తెలిసింది, బొమ్మలన్నీ అడ్డంగ వచ్చినయని. అయినా ఎవ్వరూ వంక పెట్టలేదు. అందరూ మెడలు ఒక్క దిక్కే వంచుకొని రంగులేసుడు మొదలువెట్టిండ్రు. అప్పుడే వచ్చిన ఒకామె ఆ వరుసను చూసి, "ఇది మెడలు పట్టేసినోళ్ల దవాఖాననా?" అని ఖాలాను అడిగింది.

ఆ వరుసల ఇద్దరి సంగతి చెప్పాలె. ఒకాయన అచ్చంపేట దిక్కు మీసాల పటేల్. ఆరడుగుల మనిషి, చెవుల దాక మీసం. పాము కనవడితె తోక పట్టి ఇసిరేసేటోడట. సూది పేరు చెప్తె మాత్రం మీసాలు వాలేటియి. అప్పటికే రెండు మాట్ల వచ్చి రెండు మాట్ల ఉరికిండు, ఒకసారైతె మెడకు కట్టిన దవాఖాన గుడ్డతోనే బస్సెక్కిండు. ఇప్పుడు దవడ గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. ఈసారి పీకకపోతె చీము పాకి పానం మీదికొస్తదని డాక్టర్ సాబ్ నాకు ముందే చెప్పిండు, "ఎట్లన్న ఆపమ్మా" అని. ఆయన పక్కన సీతాఫలాలమ్మే అవ్వ, గంపతో సహా వచ్చి కూసున్నది. పటేల్‌కు ఏనుగు వచ్చింది, అవ్వకు చిలక.

"ఆకుపచ్చ ఎవలి తాన ఉన్నది?" అన్నది అవ్వ. ఆకుపచ్చ అటు కొసన ఉన్న బడిపంతులు తాన ఉండె. ఆయనదీ చిలకనే. "నా రెక్క ఒడువలేదు, ఇంకా సగమే అయ్యింది" అన్నడు ఆయన. "రెక్క ఒక్కటన్న ఒడగొట్టి ఇయ్యి, ముసల్దాన్ని, ఎంతసేపు కూసోవాలె?" అని అవ్వ గులిగింది. పటేల్ గులాబి రంగు తీసుకొని, చెమట తుడుసుకుంట, ఏనుగుకు తొండం నుంచి మొదలువెట్టిండు. అవ్వ ఓరకంట చూసింది. "ఏంది పటేలా, ఏనుగు గులాబి రంగుల ఉంటదా? నువ్వెన్నడన్న చూసినవా?" పటేల్ తలెత్తకుండనే, "నా ఏనుగు, నా ఇష్టం" అన్నడు.

దవాఖాన నిశ్శబ్దమయింది. ఎంత నిశ్శబ్దమంటె, కింద టైర్లకు గాలి కొట్టే చప్పుడు ఇనవడ్డది. లోపట డాక్టర్ సాబ్‌కు అందరూ ఉరికిండ్రనిపిచ్చింది, పరద జరిపి చూసిండు. బెంచీల నిండ మనుషులు, వంగిన మెడలు, బయటికొచ్చిన నాలుకలు. ఆయన సంబురంగ పిలిచిండు, "ఎవరండీ తర్వాత?" ఒక్కరూ లేవలేదు. బడిపంతులు, "జర ఆగుండ్రి సార్, తోక ఉన్నది" అన్నడు. ఇంకొకామె, "నాది తాబేలు, దాని వీపు మీద గన్ని గదులున్నయి" అన్నది. డాక్టర్ సాబ్ నా దిక్కు చూసిండు. ఉరికేటోళ్లను ఆపుమంటె, పిలిస్తె రానోళ్లను తయారుచేసిన నేను!

ఆఖరుకు ఖాలా పోయి పటేల్ రెక్క పట్టింది. "లెవ్ పటేల్ సాబ్, నీ వంతు." ఆయన లేచిండు గని ఏనుగును ఇడువలేదు. ఏనుగుతోని నడిచేసరికి కాయితం గుంజుకొచ్చింది, కాయితం ఎంబడి అవ్వ లేచింది. "పటేలా, నా చిలక చినిగిందో, నీ పన్ను డాక్టర్ కాదు, నేనే పీకుత!" అవ్వ ఎంబడి తాబేలామె, ఆమె ఎంబడి ఇంకొకరు, కొసన బడిపంతులు. కాయితం చినగకుండ చేతులు పైకెత్తి, తడిసిన పొడుగాటి చీరెను ఆరేసెటందుకు మోసుకపోయినట్టు అందరూ పరద దాటి లోపటికి పోయిండ్రు. డాక్టర్ సాబ్ పట్టకారు పట్టుకొని నోరు తెరిసి చూస్తున్నడు. (ఆ కుర్సీ కాడ డాక్టర్ నోరు తెరుసుడు అదే మొదటిసారి.)

పటేల్ కుర్సీల కూసున్నడు. ఒడిల ఏనుగు. చుట్టు జనం. "నోరు తెరవండి" అంటె తెరిసిండు. సూది కనవడంగనే మీసాలు వాలినయి, కండ్లు తలుపు దిక్కు పోయినయి. ఇగ ఉరుకుతడని నాకు తెలిసిపోయింది. గదే ఘడియల పంతులు తోక ముగించి ఆకుపచ్చను ఇటు చాపిండు. అవ్వ దాన్ని లటుక్కున గుంజుకొని తన చిలకకు ఎయ్యలే. వంగి, పటేల్ ఏనుగు చెవికి పరపర రుద్దింది!

"ఆఁ! ఆఁ! ఆఁ!" అన్నడు పటేల్. నోట్ల డాక్టర్ సాబ్ వేళ్లున్నయి, మాట రాదు. "అరవకు, అందంగనే ఉన్నది" అన్నది అవ్వ, రెండో చెవికి మర్లుకుంట. "ఊఁహూఁ! ఆఁహాఁ!" ఆయన కోపానికి కుర్సీ కిరకిరమన్నది. ఈ లోపల సూది పడ్డది, ఆయన కండ్లు మాత్రం చెవి మీదనే. మందు ఎక్కేదాక అవ్వ తోకను కూడా ఇడువలేదు. పట్టకారు లోపటికి పోయింది, బయటికొచ్చింది. "అయిపోయింది" అన్నడు డాక్టర్ సాబ్. "ఏం అయిపోయింది?" అన్నట్టు పటేల్ ఉరిమి చూసిండు. ఖాలా గిన్నెల పన్ను చూపించింది. ఆయన దాన్ని చూసిండు, ఏనుగును చూసిండు, దూది కుక్కిన నోటితోని ముద్దముద్దగ, "పన్ను పోతె పోయింది, నా ఏనుగును నాశనం జేసింది" అన్నడు.

అవ్వ వంతు రానేలేదు. మైనం రంగు చుట్టున్న కాయితం ఊడకపోతె పండ్లతోని పీకుదామని కొరికింది. కాయితంతోని పాటు నొస్తున్న పన్ను కూడా ఊడి చిలక మీద పడ్డది. "అగో, నా పని నేనే చేసుకున్న" అని బోసిగ నవ్వి, డాక్టర్ సాబ్ చేతుల ఒక సీతాఫలం పెట్టి, గంప నెత్తికెత్తుకొని పోయింది.

ఆ అంగడికి ఒక్కరు కూడా ఉరకలేదు. కుర్సీ లారీ ఎక్కలేదు. తర్వాత తర్వాత పన్ను నొయ్యనోళ్లు కూడా వచ్చి బెంచీలల్ల కూసునుడు మొదలయింది. "పన్ను నొస్తెనే రంగులు" అని ఖాలా మెట్ల కాడ నిలవడి అందరి నోళ్లు తెరిపిచ్చి చూసేది. నేనైతె భూమ్మీద లేను. మనుషుల భయానికి మందు కనిపెట్టిననుకున్న. పోలీస్ స్టేషన్లకు, కోర్టులకు, పెండ్లిచూపులకు కూడా నా బొమ్మలే పంపాలెనని ఇంట్ల అందరికీ చెప్పిన. మా అమ్మ, "ముందుగాల అన్నం తిను" అన్నది.

తర్వాత ఎండకాలం నాకే జ్ఞానదంతం నొప్పి లేచింది. "రామ్మా, పైసలొద్దు, నీకు ఊకెనే పీకుత" అన్నడు డాక్టర్ సాబ్ ప్రేమగ. నేను నవ్వుకుంట బెంచీ మీద కూసున్న. నెమలికి రంగేసిన. ఇంకో నెమలికి ఏసిన. తాబేలు వీపు మీద ఒక్క గది ఇడువకుండ నింపిన. పరద జరిగింది, "ఊఁ, రా" అన్నడు. నేను లేచిన, చెప్పులు కూడా ఏసుకోకుండ మెట్లన్నీ దిగి, చౌరస్త దాటి, మా ఇంటి దాక తిరిగి చూడకుండ ఉరికిన. చేతుల ఊదా రంగు అట్లనే ఉండె. ఎండల కాళ్లు కాలుతుంటె, ఒక్క చేత్తోని దవడ పట్టుకొని ఉరుకుతున్న ఆ పంతొమ్మిదేండ్ల పిల్ల ఇప్పటికీ నా కండ్ల ముందట కనవడ్తది. మనుషుల భయానికి మందు కనిపెట్టిన పిల్ల! ఎదురొస్తె ఆపి, ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలెనని అనిపిస్తది. ఆగుతదా ఏంది, నన్ను దాటుకొని పోతనే ఉంటది.