ఫువాతినో చాప కింద కూర్చున్న రోజు

మా సవాయి దీవిలో ఇళ్ళకు గోడలుండవు. కొబ్బరాకు తడికలు దించుకుంటే వానకు అడ్డం, ఎత్తితే ఊరంతా కళ్ళముందే. అందుకే పక్కింట్లో ఫువాతినోకి జరిగింది ఎవరో చెబితే విన్నది కాదు, నేను చూసింది. కొంత నా చేతులతో చేసింది కూడా.

ఫువాతినో పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా మా ఊరి పిల్లలకు ఆదివారం బడి చెప్పేది ఆవిడే. "దేవుణ్ణి ఎవరు చేశారు?" అని ఆవిడ అడిగితే, "ఎవరూ చెయ్యలేదు, ఆయన ఎప్పుడూ ఉన్నాడు" అని పిల్లలు అరిచేవాళ్ళు. "ఎప్పుడూ అంటే మా తాత పుట్టక ముందు కూడానా?" అని ఒక గడుగ్గాయి అడిగితే, "మీ తాత ఎంతరా! ఈ సవాయి కొండే లేనప్పుడు, సముద్రమే లేనప్పుడు కూడా" అనేది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒక్క దేవుడే అని మేమంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళమే.

ఆవిడ తమ్ముడు ఎలిసారా ఆ ఇంటి పెద్ద. గుడి పాటల్లో అతని గొంతే అందరికంటే కింది స్థాయిలో మోగేది. అతను పాడకపోతే పాటకు నేల లేనట్టుండేది. రెండేళ్ళ క్రితం పెళ్ళాం కాలి వైద్యానికి పక్క దీవిలోని ఆపియా పట్నం వెళ్ళి నాలుగు నెలలున్నాడు. అక్కడొక సంఘంలో కలిసి, యేసు ఒక్క పేరుతోనే మళ్ళీ బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. దేవుడు ముగ్గురు కాడు, ఆ ఒక్కడే మూడు విధాలుగా కనిపించాడు అంటాడు. నాకైతే ఈ రెండు మాటల మధ్య చీమ దూరే సందు కూడా కనబడలేదు. కనబడినవాళ్ళంతా నాకంటే చదువుకున్నవాళ్ళు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాటలకు రావడం మానేశావేమని పెద్దల సభలో నిలదీస్తే, "మన పాస్టరుగారు మీ అందరిచేతా ముగ్గురు దేవుళ్ళకు మొక్కిస్తున్నారు" అనేశాడు. సభ భగ్గుమంది. శనివారం సాయంత్రం ప్రార్థన శంఖం ఊదేలోపు ఆ ఇల్లు ఇల్లంతా ఊరు విడిచి పోవాలన్నారు. ఫువాతినో మాత్రం ఉండొచ్చు, తమ్ముడితో తనకు సంబంధం లేదని సభలో చెబితే.

గురువారం అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నారు. నేను తడిక ఎత్తుకునే కూర్చున్నాను, సిగ్గేమీ పడలేదు.

"ఒరే, నోరు జారానని ఒక్క మాట చెప్పు. నీ సొమ్మేం పోతుంది?"

"జారలేదక్కా, తెలిసే అన్నాను. ఆదీ అంతమూ లేనివాణ్ణి ముక్కలు చెయ్యమంటావా?"

"ఎవరు చేశార్రా ముక్కలు? నేను చేశానా? వాకిట్లో నాన్న సమాధి ఉంది. దాన్ని ఎత్తుకుని ఓడెక్కుతావా?"

అతను తల దించుకున్నాడు కానీ మాట మార్చలేదు. సభకెళ్ళి తమ్ముణ్ణి వదులుకోవడం ఆవిడ వల్ల కాదు. ఊరొదిలి పోవడమూ ఆవిడ వల్ల కాదు. ఆ రోజంతా ఆవిడ తడికలు దించుకునే ఉంది.

శుక్రవారం వెలుగు రేఖ పడుతుండగా నన్ను పిలిచింది. పరుపు కింద దాచిన వాళ్ళమ్మ నేసిన సన్నచాప బయటికి తీసి ఉంది. ఎందుకో అడగక్కర్లేదు. మా దగ్గర మనిషిని చంపినవాడి తరఫువాళ్ళు కూడా, చచ్చినవాడి ఇంటి ముందు అలాంటి చాప కప్పుకుని కూర్చుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏమైనా జరగొచ్చు.

"తమ్ముడికి చెప్పావా?" అన్నాను.

"చెబితే పోనిస్తాడా? ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. అప్పుడే ఆపాల్సింది. ఆపలేదని ఇప్పటికీ నామీద నాకు కోపం.

ఊరిపెద్ద పులెఫానో ఇంటి ముందు గులకరాళ్ళ మీద కూర్చుని చాప తలమీదుగా కప్పుకుంది. పొద్దెక్కింది. పిల్లలు బడికి పోతూ తమ పంతులమ్మ అని తెలియక చుట్టూ తిరిగి వెళ్ళారు. చాప కింద ఆవిడ వీపు ఎగసి పడడం తప్ప ఏమీ కనబడలేదు. లోపల పులెఫానో తీరిగ్గా కోకో తాగుతున్నాడు. నాకు ఆ గిన్నె లాక్కోవాలనిపించింది.

ఆ తర్వాత ఒకసారి అడిగాను, లోపల ఏం ప్రార్థన చేశావని.

"ఊపిరాడలేదే. ప్రార్థన మొదలుపెట్టడానికి భయమేసింది. ఏ పేరు ముందు పలికితే ఎవరి పక్షమవుతుందోనని. అందుకని పేరే ఎత్తలేదు. 'నువ్వున్నావు, నువ్వున్నావు' అనుకుంటూ కూర్చున్నా."

ఎండ నడినెత్తికి వచ్చాక పులెఫానో దిగి వచ్చి చాప ఎత్తాడు. ఆవిడ మొహం ఉడికిపోయి ఉంది. మేం ఆడవాళ్ళం ఏడ్చేశాం. అప్పుడాయన ఊరందరికీ వినబడేలా అన్నాడు: "ఎలిసారా అన్నది తప్పేనని వాళ్ళ ఇల్లే ఒప్పుకుంది. మేం క్షమించాం. ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆదివారం నుంచి అతను మళ్ళీ పాటలవాళ్ళలో నిలబడాలి."

అప్పుడు తెలిసింది ఆవిడకి తను చేసిందేమిటో. తప్పు లేనివాళ్ళు ఆ చాప కింద కూర్చోరు. ఇల్లు నిలబెట్టాలన్న ఆత్రంలో తమ్ముడి నమ్మకమే తప్పని ఒప్పుకుని వచ్చింది.

చేమతోట నుంచి ఎలిసారా పరిగెత్తుకొచ్చాడు. పెద్ద గొడవవుతుందనుకున్నాం. కానీ మాలో అక్క మాట తమ్ముడికి ప్రమాణంతో సమానం. దాన్ని తోసేసినవాడు మనిషి లెక్కలోకి రాడు. అతను మట్టిచేతులతోనే ఆవిణ్ణి లేవనెత్తాడు. "నా తరఫున నిన్నెవరు వంగమన్నారక్కా?" అన్నాడు, అంతే.

ఆదివారం తెల్లచొక్కా వేసుకుని పాటలవాళ్ళలో నిలబడ్డాడు. నోరు మాత్రం తెరవలేదు. నిలబడమన్నారు, నిలబడ్డాడు. అలా ఏడాదిన్నర. ముందు వరుసలో కూర్చున్న ఫువాతినో ఆ లేని గొంతునే వింటూ చిక్కి సగమైంది.

మొన్న శనివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆవిడ గొంతు నాకు వినబడింది.

"వెళ్ళిపోరా. పిల్లల్ని తీసుకుని ఆపియా ఓడెక్కు. ఇల్లూ సమాధీ నేను చూసుకుంటా."

"నేను వెళితే చాప కింద నువ్వు అబద్ధమాడినట్టవుతుందక్కా."

"అబద్ధమే ఆడానురా."

"నాకు తెలుసు. ఊరికి తెలియనివ్వను."

ఎలిసారా లేచి, మర్నాటికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.