మూడో పిలుపు

మా ముత్తాతగారు గోదావరి పక్కన మూడు ఊళ్లకు మొఖాసాదారు, అంటే చిన్నపాటి జమీందారు. తాతగారి నాటికి ఒక ఊరు మిగిలింది, అదీ కోర్టులో. మా నాన్నగారి వాటాకు వచ్చింది వందమందికి అన్నం వండే ఇత్తడి గుండిగ ఒకటి, ఒక అలవాటూను. ఢిల్లీలో ఈ సంగతులు నన్నెవరూ అడగరు. అడగనిదే చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు. కిందటి ఆదివారం మాత్రం, వసంత్ కుంజ్ దగ్గర యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్న మా మనవరాలు ద్వారకలో మా ఫ్లాట్‌కు వచ్చి, తనకు తెలియకుండానే అడిగింది.

దానికి క్లాసులో ఒక అమెరికా నాటకం పెట్టారు. చితికిపోయిన ఒక కుటుంబం కథ. అందులో తల్లి రోజూ రాత్రి భోజనాల బల్ల మీద, ఎప్పటికీ రాని అతిథి కోసం ఒక ప్లేటు ఎక్కువ పెడుతుంది. ఆ ప్లేటు దేనికి సింబలో నాలుగు పేజీలు రాయాలట.

“ఎవరి కోసం పెట్టిందో వాళ్లను ఒకసారైనా పిలిచిందా?” అన్నాను.

“అరే తాతయ్యా! అది సింబల్. సింబల్‌ని ఎవరైనా భోజనానికి పిలుస్తారా?” అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా నాన్నగారు పిలిచేవారు.

ఊళ్లో మా వాళ్లకు ఒక నియమం ఉండేది. మధ్యాహ్నం వడ్డనకు ముందు ఇంటిపెద్ద వీధి అరుగు మీదికి వచ్చి, “అన్నం వేళయింది, తిననివారెవరైనా ఉంటే రండి” అని మూడుసార్లు పిలిచి, వచ్చినవాళ్లకు పెట్టాకే తాను కూర్చునేవాడు. నాన్నగారు గుమాస్తా ఉద్యోగానికి ఢిల్లీ వస్తూ గుండిగతో పాటు ఆ నియమాన్నీ తెచ్చుకున్నారు. ప్రభుత్వ క్వార్టర్లో గుండిగకు పని లేక అమ్మ అందులో చలికాలం కప్పుకునే రజాయిలు దాచేది. నియమానికి మాత్రం ప్రతి ఆదివారం పని ఉండేది. నాన్నగారు ఉతికిన పంచె కట్టుకుని, మెట్ల దగ్గరికి వెళ్లి, నిటారుగా నిలబడి మూడుసార్లు పిలిచేవారు. తెలుగులో, అదీ గొంతులోనే. ఎదురింటి పంజాబీ ఆంటీ అదేదో మంత్రమనుకుని, ఆయన ముగించేదాకా చేతులు జోడించి నిలబడేది.

“పిల్లికి కూడా వినపడకుండా పిలవడం మీ దగ్గరే నేర్చుకోవాలండీ” అనేది అమ్మ.

“పిలవడం మన వంతు” అనేవారాయన.

నాకప్పుడు పదేళ్లు. ఒక చలికాలం ఆదివారం మూడో పిలుపు పూర్తయ్యేసరికి పైమెట్ల మీద నుంచి “నేనున్నానండీ” అని వినిపించింది.

తెల్లచీర, మీద నీలం స్వెటర్, చేతిలో సంచీ. పై అంతస్తులో ముసలాయనకు ఇంజెక్షన్ ఇచ్చి దిగుతున్న నర్సు. “రాత్రి డ్యూటీ చేసి అటు నుంచటే వచ్చానండీ. మన మాట విని ఎన్నాళ్లయిందో! నిజంగానే పిలిచారా అండీ, ఊరికే అనుకుంటున్నారా?” అంది. ఆమె ఒక మెట్టు దిగి ఆగింది. “మేం చర్చివాళ్లమండీ. ముందే చెబుతున్నాను, తర్వాత మీరు బాధపడకూడదు.”

మా వంటింట్లోకి పరాయివాళ్లు వచ్చి ఎరగరు. పైగా వండింది ముగ్గురికే. అమ్మ గుమ్మంలో నిలబడి, వద్దన్నట్టు కళ్లతోనే చెబుతోంది. ఆ ఒక్క నిమిషంలో నాన్నగారు కాదంటే మూడు తరాల పిలుపు ఉత్త మాటగా తేలిపోతుందని ఆ వయసులో కూడా నాకు అర్థమైంది. ఆయన వీపు ఇంకాస్త నిటారుగా అయింది.

“పిలిచింది నేనే. లోపలికి రామ్మా” అన్నారు.

తన పీట ఆమెకు వాల్చారు. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. చింతకాయ పచ్చడి నాలుక్కి తగలగానే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. “కారమా?” అంది అమ్మ. “కాదండీ, మా అమ్మ నూరినట్టే ఉంది. ఇంకొంచెం అన్నం పెట్టించుకుంటానండీ” అంది. అమ్మ గిన్నె అడుగు గీకి మరీ వడ్డించింది. ఆ పూట నాన్నగారు మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు.

పై ఆదివారం అమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసింది. నాన్నగారు పిలిచిన పిలుపు పై అంతస్తుకు కూడా వినపడింది. ఆమె మరో రెండేళ్లు, బదిలీ అయ్యేదాకా, వీలున్నప్పుడల్లా వచ్చింది.

అంతకుముందు ఆయన అంత మెల్లగా ఎందుకు పిలిచేవారు? ఎవరైనా వస్తారేమోననా, ఎవరూ రారేమోననా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, తేలలేదు. నేను చెప్పిందంతా విని మా మనవరాలు ఆ ప్రశ్ననే నోట్సులో రాసుకుంది. తర్వాత తలెత్తి, “మరి మీరెందుకు పిలవరు, తాతయ్యా? ఆ గుండిగ ఏది?” అంది.

మనుషులను తీసుకుపోయినంత తేలిగ్గా కాలం అలవాట్లను తీసుకుపోలేదని నేననుకునేవాణ్ని. మా ఇంట్లో నాన్నగారూ, ఆయన పిలుపూ ఒకే ఏడాది పోయాయి. ఆ మరుసటి ఏడాది ద్వారకకు మారేటప్పుడు గుండిగ లిఫ్టులో పట్టలేదు. పాతసామాన్లు కొనే కబాడీవాడికి తూకానికి అమ్మేశాను.