వందనాలకు బదులొచ్చిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నోరు తెరిచినా మాట రాని రోజులు ఎలా ఉంటాయో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు గానీ, నేను మాత్రం ఆ చీకట్లో చాలాకాలం ఉన్నాను, అక్కణ్ణించి నన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి గురించి చెప్పకుండా ఉండలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా పేరు సలోమి. పిడుగురాళ్ల పక్కన సున్నపు బట్టీల ఊరు మాది. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు చెబుతాను. పాఠం చెప్పుకొని బతికేదానికి మాట పోవడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి!

ఉద్యోగం చేసుకుంటూనే నేను పీహెచ్‌డీలో చేరాను. అటు పబ్లిక్ లా, ఇటు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, రెండూ కలిసే అంశం తీసుకున్నాను. గ్రామసభలో మాట్లాడే హక్కు ఆడవాళ్లకు చట్టంలో ఉంది కదా, మరి మన పల్నాడు ఊళ్లలో వాళ్లు ఎందుకు మాట్లాడరు అన్నదే నా ప్రశ్న. ఇది ఏ పుస్తకంలోనో దొరికిన ప్రశ్న కాదు, మా అమ్మను చూస్తే పుట్టింది. మా అమ్మ బట్టీలో సున్నం బస్తాలకెత్తిన మనిషి, ఇంట్లో పిలిస్తే మూడో వీధికి వినపడేది, అదే మనిషి గ్రామసభకు పోతే స్తంభం వెనక నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అందుకని ముప్పాళ్ళ వైపు, గురజాల వైపు, మాచర్ల దాకా బస్సులు పట్టుకు తిరిగి ఎన్నో గ్రామసభల్లో వెనక వరసలో కూర్చున్నాను. కార్యదర్శి తీర్మానాలు చదువుతాడు, సంతకాలు పెట్టించుకుంటాడు, టీ ఇస్తారు, అందరూ లేస్తారు. ఆడవాళ్లు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోతారు.

థీసిస్ సమర్పించే ముందు డిపార్ట్‌మెంటులో అందరి ఎదుటా సెమినార్ ఇవ్వాలి. నేను లేచి రెండు వాక్యాలు చెప్పానో లేదో ముందు వరసలో ఉన్న ఒక పెద్ద ప్రొఫెసర్ చెయ్యెత్తి ఆపి, ముందు నీ ఇంగ్లీషు సరిచేసుకో తల్లీ, ఊళ్లో ఆడవాళ్ల నోటి సంగతి తర్వాత చూద్దువుగాని అన్నారు. అందరూ నవ్వారు. ఆయన అంత చెడ్డమనిషని నేననను, ఏదో చమత్కారంగా అన్నారు, కానీ ఆ నవ్వు నా గొంతులో ముడి పడిపోయింది. నోరు తెరుస్తున్నాను, గాలి తప్ప ఏమీ రావడం లేదు. మా గైడు సారు లేచి నా స్లైడ్లు తానే చదివి ఆ రోజు నన్ను గట్టెక్కించారు. బయటికి వచ్చాక, వైవాలో మాత్రం నీ బదులు ఎవరూ మాట్లాడకూడదమ్మా, అది నువ్వే దాటాలి అన్నారు.

దాటడం మాట దేవుడెరుగు, మర్నాడు క్లాసులో హాజరు పిలవడానికి కూడా గొంతు లేవలేదు! నలుగురు ఎదురుగా కూర్చుంటే చాలు, ముడి బిగుసుకునేది. పాఠమంతా బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు జాలిపడి నిశ్శబ్దంగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్లు, ఆ నిశ్శబ్దం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ప్రిన్సిపాల్ గారు కొన్నాళ్లు సెలవు పెట్టుకోమని మెత్తగానే చెప్పారు. మా ఆయన సున్నపురాయి లారీ నడుపుతాడు, ఈమధ్య ఇల్లు ప్రశాంతంగా ఉందే అని ఒకసారి హాస్యమాడి, నా మొహం చూశాక మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. గుంటూరులో గొంతు డాక్టరుకు చూపించాడు. గొంతులో లోపమేమీ లేదు, ఇది భయం అని ఆయన కౌన్సెలర్ దగ్గరికి పంపితే, ఆవిడ మీకు అలవాటైన మనుషుల మధ్య కొంచెం కొంచెంగా మాట్లాడుతూ రండి అని చెప్పింది. మంచి మాటే, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. వంటింట్లో నేల మీద కూర్చుని ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, మాట్లాడని ఆడవాళ్ల గురించి ఇన్ని పేజీలు రాయించావు, ఇప్పుడు నన్నే మూగదాన్ని చేస్తే నేను ఎవరికి చెప్పుకోవాలి?" ఆ ప్రార్థన కూడా లోపలే, పెదవి దాటేది కాదు.

సహోదరులారా, దేవుడు నా దగ్గరికి దీనమ్మ పిన్ని రూపంలో వచ్చాడు. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, మా అమ్మతో పాటు బట్టీలో పనిచేసిన మనిషి, మా సంఘంలో స్త్రీల కూడిక నడిపేది ఆవిడే. ప్రతి శుక్రవారం ఆవిడ వసారాలో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. అక్కడి పద్ధతి మీకు తెలిసిందే, ఒక్కొక్కరు లేచి "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అనాలి, కూర్చున్నవాళ్లంతా "వందనాలు" అని బదులివ్వాలి, ఆ తర్వాతే సాక్ష్యం. నేను వెళ్లి నీళ్ల బిందెల పక్కన ముడుచుకుని కూర్చునేదాన్ని, నా వంతు వస్తే తలొంచుకునేదాన్ని. ఒక శుక్రవారం పిన్ని ఊరుకోలేదు.

"ఏమే సలోమీ, నిన్ను సాక్ష్యం ఎవరడిగారే? లేచి వందనాలు చెప్పి కూసో. మిగతాది ఆయన చూసుకుంటాడు."

లేచాను. గొణిగినట్టుగా, నాకే వినపడనంత చిన్నగా ఆ మాట అన్నాను. నేను అంత చిన్నగా అన్నా వాళ్లు మాత్రం ఇల్లు అదిరేలా "వందనాలు" అన్నారు! నేను గొప్ప ప్రసంగం చేసినట్టుగా! కూర్చుని ఏడ్చాను. ఆ మరుసటి శుక్రవారం కూడా అంతే, ఆ పై శుక్రవారం కూడా అంతే, వందనాలు చెప్పడం, బదులు వినడం, కూర్చోవడం. తర్వాత ఒక వాక్యం వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. కౌన్సెలరమ్మ చెప్పిన అలవాటైన మనుషులు వీళ్లేనని, నేను వెతుకుతున్న చోటు మా పిన్ని వసారాయేనని అప్పుడు తెలిసింది. అయితే వసారా దాటితే మళ్లీ ముడే. కాలేజీ మెట్లెక్కితే ముడి, యూనివర్సిటీ గేటు తలుచుకుంటే ముడి.

అలా ఉండగానే థీసిస్ సమర్పించాను, వైవా పిలుపొచ్చింది. గడువు అప్పటికే పొడిగించారు, ఇది పోతే ఇక మళ్లీ లేదు, ఇన్నేళ్ల చదువూ నీళ్లపాలే. శుక్రవారం కూడికలో ప్రార్థన అంశంగా చెప్పుకున్నాను. వైవా అంటే ఏందే అని పిన్ని అడిగితే, పెద్ద సార్లు ప్రశ్నలు అడుగుతారు, నేను జవాబు చెప్పాలి, బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అని వివరించాను. పిన్ని నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "అయ్యా, నేను సదువుకోలా, ఆ సార్లు ఏమడుగుతారో నాకు తెలవదు, నీకు తెలుసు. ఈ పిల్ల చానా కష్టపడింది. దాని గొంతులో ముడి నువ్వే ఇప్పాల అయ్యా." అందరూ ఆమెన్ అన్నారు. నా మాటలో ఎవరైనా రావచ్చు అన్న ముక్కను వాళ్లు ఎలా తీసుకున్నారో నాకు ఆ రోజు తట్టనే లేదు.

వైవా రోజు హాల్లోకి వెళ్లేసరికి డిపార్ట్‌మెంటు వాళ్లంతా ఉన్నారు. ముందు వరసలో ఆ పెద్ద ప్రొఫెసర్ కూడా ఉన్నారు. ప్రశ్నలు అడగాల్సిన ఎగ్జామినర్ కృష్ణా నది అవతల, తెలంగాణ నుంచి వచ్చిన పెద్దాయన, కళ్లద్దాల మీదుగా చూస్తున్నారు. వెనక్కి తిరిగి చూశాను. చివరి వరస నిండా ఆదివారం ఆరాధనకు వచ్చినట్టు తెల్లచీరలు కట్టుకుని, తల మీద ముసుగు వేసుకుని, ఒళ్లో చేతిసంచులు పెట్టుకుని మా శుక్రవారం కూడిక మొత్తం కూర్చుని ఉంది! మధ్యలో దీనమ్మ పిన్ని. తొలి బస్సు పట్టుకుని వచ్చేశారట. ప్యూను ఆపి ఎక్కడికమ్మా అంటే, మా పిల్లకు వైవా అని చెప్పిందట పిన్ని.

నన్ను మొదలుపెట్టమన్నారు. ఇంగ్లీషులో అధ్యక్షుల వారికి, ఎగ్జామినర్ గారికి నమస్కారాలతో ఎలా మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నానో! నోరు తెరిచాను. ముడి. ముందు వరసలో ఎవరో దగ్గారు. గైడు సారు నా వైపు చూడలేక కాగితాల వైపు చూస్తున్నారు. లోపల ఒక్కటే మొర, ప్రభువా, ఇప్పుడు. ఇన్ని నెలల్లో నా గొంతుకు అలవాటైన మాట ఒక్కటే ఉంది, అది నన్నడక్కుండానే బయటికి వచ్చేసింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు."

ఏం చేశానో నాకు అర్థమయ్యేలోపే వెనక వరస మొత్తం ఒక్క గొంతుతో "వందనాలు" అంది! హాలు హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు వినగానే ఇక అయిపోయిందనుకున్నాను. కానీ ఆ ఎగ్జామినర్ గారు కళ్లద్దాలు తీసి, తానూ మనసారా నవ్వి, "వందనాలమ్మా, చెప్పు" అన్నారు. సహోదరులారా, ఆయన కూడా బదులిచ్చారు! ఆ క్షణంలో ముడి ఎటు పోయిందో పోయింది. నేను మాట్లాడాను. నా ఇంగ్లీషు ఎలా ఉందో అలాగే మాట్లాడాను. ఒక్కో అధ్యాయం చెప్పి నేను ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా వెనక నుంచి "స్తోత్రం" అని వినపడేది, గైడు సారు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు గానీ ఎవరూ వాళ్లను ఆపలేదు.

చివర్లో ఎగ్జామినర్ గారు వెనక వరస చూపించి తెలుగులోనే అడిగారు. "ఈ అమ్మలు గ్రామసభల కూడా ఇట్లనే మాట్లాడుతరా?"

"మాట్లాడరు సార్" అన్నాను. "ఇక్కడ నేను వందనాలంటే బదులొచ్చింది. గ్రామసభలో వాళ్లకు బదులు చెప్పేవాళ్లు లేరు. చట్టం మాట్లాడే హక్కు ఇచ్చింది సార్, వినే అలవాటు మన పరిపాలన నేర్చుకోలేదు. నా థీసిస్ అంతా ఇదే."

ఆయన ఆ మాటను తన కాగితం మీద రాసుకున్నారు. కాసేపు అందరినీ బయట ఉంచి మళ్లీ పిలిచి, డాక్టరేట్‌కు సిఫారసు చేస్తున్నామని ప్రకటించారు. వెనక నుంచి "దేవునికే మహిమ" అని కేక వినపడింది. మహిమ దేవునికి, డిగ్రీ మాత్రం ఈమెకు అని ఆయన అంటే మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి నేను కూడా నవ్వాను. ఆ పెద్ద ప్రొఫెసర్ వచ్చి, బాగా చెప్పావమ్మా అని చెయ్యి కలిపారు. తిరుగు బస్సులో సత్తెనపల్లి దాకా పిన్ని భుజం మీద తలపెట్టుకుని ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను, ఎన్ని నెలల బరువో దిగిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనకు మొదటి నుంచీ చెప్పడం మొదలుపెడితే, ఇంట్లో ప్రశాంతత ఇక పోయినట్టే అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తర్వాత మా ఊళ్లో గ్రామసభ పెట్టారు. కార్యదర్శి తీర్మానాలు చదివి సంతకాలకు పుస్తకం తిప్పుతుండగా దీనమ్మ పిన్ని లేచింది. బట్టీ వీధిలో మంచినీళ్లు రావడం లేదన్న సంగతి ఆవిడ గుండెల్లో ఎన్నేళ్ల నుంచి ఉందో! లేచింది గానీ అందరూ తిరిగి చూసేసరికి మాట తడబడింది, చెయ్యి చెంగు కోసం వెతికింది. ఆ చెయ్యి నాకు తెలుసు, అది మా అమ్మ చెయ్యి. పిన్ని నా వైపు చూసి, మెల్లగా, "అందరికీ వందనాలు" అంది.

"వందనాలు" అన్నాను నేను, ఊరంతటికీ వినపడేలా. పక్కనున్న ఆడవాళ్లంతా అన్నారు. కార్యదర్శి పుస్తకం మూసి, చెప్పమ్మా అన్నాడు. పిన్ని చెప్పింది, నీళ్ల సంగతంతా చెప్పింది.

కాబట్టి ప్రియులారా, మీ గొంతులో ఏ ముడి ఉన్నా, భయమైనా, అవమానమైనా, జబ్బయినా, డాక్టరు దగ్గరికి వెళ్లండి, దేవుని దగ్గరికి కూడా రండి. పెద్ద ప్రార్థన అక్కర్లేదు, భయపడవద్దు. ఏ శుక్రవారమైనా పిన్ని వసారాకు వచ్చి, లేచి వందనాలు చెప్పి కూర్చోండి. ఎంత చిన్నగా చెప్పినా సరే, మేము బదులిస్తాం.