సమాధి మీది సారా గ్లాసు

శనివారం పొద్దున్నే మా ఆయన గ్లాసు కడగడం నా పనిగా ఉండేది. పోయిన చలికాలంలో తిహోమిర్ పోయినప్పటి నుంచి ప్రతి శనివారం శ్మశానానికి వెళ్ళి, సమాధి మీద గ్లాసుడు ప్లం పళ్ళ సారా పెట్టి, సిగరెట్టు వెలిగించి మట్టిలో గుచ్చి, కిందటి వారం గ్లాసు ఇంటికి తెచ్చి కడిగేదాన్ని. ఈమధ్య అదీ లేకుండా పోయింది. కడగకూడదట. అది సాక్ష్యమట.

ఆ మాట అన్నది పక్కింటి విదోసావా. మా ఊరు నిష్‌లో విదోసావా తెలియని వాళ్ళు లేరు, ఎందుకంటే ఊళ్ళో సగం మందిని ఆవిడ బస్సులోంచి దింపేసింది. టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. బస్సుల్లో మెషిన్లు పెట్టి ఆవిణ్ణి ఇంటికి పంపేసిన ఏడాదే, యాభై దాటిన వయసులో, యూనివర్సిటీలో చేరింది. సమాజం గురించీ నేరాల గురించీ చదువు.

"ఎందుకే ఈ వయసులో?" అని అడిగాను.

"ఇన్నేళ్ళు దొంగల్ని పట్టుకున్నాను కదక్కా, ఎందుకు దొంగలయ్యారని ఒక్కణ్ణీ అడగలేదు. ఇప్పుడు నిద్ర పట్టట్లేదు."

ఆవిడ మొగుడు స్రెతెన్ ఇప్పటికీ బస్సు డ్రైవరే. నోరు మంచిది కాదు. "ప్రొఫెసరమ్మగారూ, పులుసులో ఉప్పు కనబడటం లేదు, కాస్త దర్యాప్తు చేయిస్తారా?" అనేవాడు.

"ఉప్పు ఎక్కడికీ పోలేదు. నీ నాలుకకే నేరప్రవృత్తి," అనేది ఈవిడ.

చదువు బాగానే సాగింది గానీ నేరశాస్త్రం దగ్గర బండి ఆగింది. పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పింది. ఇక ఆఖరి అవకాశం. తను ఉండే చోట జరిగిన ఒక నేరాన్ని స్వయంగా గమనించి, రాసి, ప్రొఫెసరు ముందు అప్పజెప్పాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు, మిషన్ కుట్టుకోవడమే. పాపం, ఆవిడకి నేరం దొరకలేదు. మా వీధిలో నేరాలు జరగవని కాదు, చేసేవాళ్ళంతా చుట్టాలే.

అలాంటి రోజుల్లో కాఫీ తాగుతూ నేను ఏడ్చాను. "మా ఆయన గ్లాసు ప్రతి వారం ఖాళీ అయిపోతోందే. ఎవడు తాగుతున్నాడో!"

విదోసావా మొహం దీపంలా వెలిగింది. "అక్కా! నేరం!"

అంత సంతోషపడినందుకు కోపమొచ్చింది. మా ఆయన చావు ఆవిడ పరీక్షకు పనికొచ్చిందన్నమాట. ఆ రోజు నుంచి శనివారం తెచ్చిన గ్లాసు ఆవిడ చేతికే. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, మా అలమరలో పెట్టేది. వేలిముద్రలట. ఎవరి చేత చూపిస్తుందో ఆవిడకే తెలియదు. చివరికి ఇంట్లో గ్లాసులన్నీ అరెస్టయిపోయి, పరామర్శకు వచ్చినవాళ్ళకి కాఫీ కప్పుల్లో సారా పోశాను.

వీధి వీధంతా శ్మశానంలో గోతులు తవ్వే మిలుతిన్ మీద పడింది. వాడు తప్ప ఎవడు తాగుతాడన్నారు. విదోసావా ఒప్పుకోలేదు. "దీన్నే ముద్ర వేయడం అంటారు. పేదవాడు కనబడగానే దొంగ అంటారు. రోజూ అంటే వాడు నిజంగానే దొంగవుతాడు. కళ్ళతో చూసేదాకా నోరు మూసుకోండి."

సరే, కళ్ళతోనే చూద్దామని ఆ శనివారం శ్మశానంలో దాక్కున్నాం. సారా పెట్టి, సిగరెట్టు గుచ్చి, మా రాయి వెనకే కూర్చున్నాం. పెద్ద రాయి. మా ఆయన పేరు పక్కన నా పేరూ, పుట్టిన ఏడూ చెక్కించేశాను. రెండు పేర్లు ఒకేసారి అయితే చవగ్గా చేస్తానన్నాడు రాళ్ళవాడు. నేను పుట్టిన ఏడు తర్వాత ఒక గీత, ఆ తర్వాత పోయే ఏడు కోసం ఖాళీ. విదోసావా ఆ ఖాళీని వేలితో తడిమి, "తొందర లేదక్కా," అంది.

అప్పుడే వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చూస్తే బ్లగోయె!

బ్లగోయె, మా ఆయనా ఒకప్పుడు ఒకే బట్టీలో సారా కాచేవాళ్ళు. ఒక ఏడు బ్లగోయె అందరి ముందూ, "తిహోమిర్, నీ సారా కాళ్ళ కంపు కొడుతోందిరా," అన్నాడు. అంతే. చచ్చేదాకా మాటల్లేవు. "వాడి ఎంగిలి గ్లాసు నా ఇంట్లో కనబడితే పగలగొడతాను," అనేవాడు మా ఆయన. అంత్యక్రియలకు కూడా బ్లగోయె గేటు బయటే నిలబడ్డాడు.

ఇప్పుడు గ్లాసు ఎత్తాడు. ఒక చుక్క మట్టిలో పోశాడు. "దేవుడు క్షమించుగాక, తిహోమిర్," అన్నాడు. గుటక వేశాడు. మొహం చిట్లించాడు. "ఇంకా కాళ్ళ కంపేరా."

విదోసావా ఒక్క ఉదుటున లేచి, పాత అలవాటు ఊరుకోక, శ్మశానం దద్దరిల్లేలా అరిచింది: "టికెట్!"

బ్లగోయె గ్లాసు పట్టుకునే జేబులు తడుముకున్నాడు. కోటు జేబు, లాగు జేబు, మళ్ళీ కోటు. అప్పుడు తెలివొచ్చింది. "ఓసి నీ! ఇక్కడికి కూడా టికెట్టా? పైకి వెళ్ళేదానికా?"

విదోసావా నవ్వలేదు. "బాబాయ్, ఇందాక 'దేవుడు క్షమించుగాక' అన్నావు కదూ?"

"అనకుండా ఎలా తాగుతానమ్మాయ్? నేనేమన్నా దొంగనా?"

అంతే, నేరం ఆవిరైపోయింది. పోయినవాళ్ళ కోసం పెట్టింది ఎవరైనా తినొచ్చు, తాగొచ్చు, కాకపోతే ముందు ఆ మాట అనాలి. అన్నవాడు అతిథి. మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. మాకే, చదువు ధ్యాసలో ఒకరికీ దుఃఖంలో ఒకరికీ, గుర్తు రాలేదు.

విదోసావా నా పేరున్న వైపు కూలబడింది. "పోయింది. నా పరీక్ష పోయింది."

"అనలేదని రాసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

బ్లగోయె కూడా, "నన్ను దొంగని రాసుకో అమ్మాయ్, పేరు కూడా పెట్టు. ఈ వయసులో నాకెవరూ పిల్లనివ్వరులే," అన్నాడు.

"బస్సులో అయితే రాసేదాన్ని బాబాయ్. ఎంతమందిని అలా రాశానో," అంది విదోసావా, కళ్ళు తుడుచుకుంటూ. "చదివింది మళ్ళీ అదే చేయడానికా?"

పరీక్షకు వట్టి చేతులతో వెళ్ళింది. ప్రొఫెసరు ముందు కూర్చుని, "అమ్మా, నేరం దొరకలేదు. దొంగని పట్టుకుందామని వెళ్ళి అతిథిని పట్టుకున్నాను. నేను చూసిందల్లా, ఒక్క మాటతో దొంగ దొంగ కాకుండా పోవడం," అని జరిగిందంతా చెప్పిందట. టికెట్ అని అరిచిన సంగతితో సహా. ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి, నవ్వు ఆపుకుని, పదికి ఆరు వేసింది. ఆరంటే మా దగ్గర గట్టెక్కడం, అంతకంటే తక్కువ గట్టు లేదు.

స్రెతెన్ మర్నాడు బస్సు ఆపి మైకులో చెప్పాడు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. మా ఆవిడ పాసయింది. ఈ రోజు టికెట్ కొనని వాళ్ళని ఎందుకు కొనలేదని మర్యాదగా అడుగుతాం."

నిన్న మళ్ళీ శనివారం. శ్మశానానికి వెళ్ళాను. బ్లగోయె తాగిన గ్లాసు రాయి మీదే ఉంది, అంచున ఆయన పెదాల మరక ఆరిపోయి ఉంది. మామూలుగా అయితే చేతిగుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, వేణ్ణీళ్ళతో కడిగి, వేరే గ్లాసు పెట్టేదాన్ని.

కడగలేదు. ఆ ఎంగిలి గ్లాసులోనే అంచుదాకా సారా పోసి మా ఆయన ముందు పెట్టాను. పగలగొట్టుకోమను, చూద్దాం.