హెడ్‌సెట్ నోటికి గంధం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు. జుట్టు నెరవలేదు, పళ్ళు ఊడలేదు, ఆ రోజులు గడిచి గట్టిగా ఆరేడేళ్ళు కాలేదు. అయినా అంటాను. ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ. పొద్దున లేచేసరికే కోపం వచ్చి కూర్చునేది, ఎవరి మీదో తరువాత వెతుక్కునేవాడిని. మైదుకూరు నుంచి కర్నూలుకు పోయి విమానం నేర్చుకుంటున్న మొనగాడిని గదా, ఆ మాత్రం కోపం హోదాకు తగినదేనని నమ్మకం. (నేను నేర్చుకునే విమానంలో ఇద్దరు పడతారు. మా ఊరి ఆటోలో పదిమంది పడతారు. ఈ లెక్క ఇంట్లో చెప్పలేదు.)

విమానంలో ఇంజను రొద మధ్య మాట వినపడాలంటే హెడ్‌సెట్ కావాలి: చెవులకు రెండు డొప్పలు, నోటి ముందుకు వంగిన ఒక చిన్న మైకు. సొంతది లేనివాళ్ళ కోసం మా స్కూల్లో మేకుకు తగిలించిన ఉమ్మడి హెడ్‌సెట్ ఒకటుండేది. దాని మెత్తలో నలభై తలల కొబ్బరినూనె ఇంకి ఉండేది. నిమ్మకాయ పిండినట్లు తలను పిండేది. దాన్ని చూస్తేనే నాకు మండేది. నేను కొనేది బ్యాటరీలతో నడిచి, రొదను మింగేసే కొత్త రకం అని తీర్మానించుకున్నాను. కానీ మా ఇంట్లో చెప్పుల జత కొన్నా మా మామ సరేననాలి. మామకు బోరు బండి ఉంది. పాతికేళ్ళు దాని పక్కన నిలబడి సగం ఊరికి బోర్లు వేసినాడు, సగం చెవులు పోగొట్టుకున్నాడు. అందుకే మాట్లాడితే పక్క వీధికి కూడా సలహా అందేది.

"రొద ఇనపడకుండా జేస్తాదా? అట్లాంటిది ఎందుకురా నీకు?" అన్నాడు, ఫోన్లో బొమ్మ చూసి.

"రొద లేకపోతే ప్రశాంతంగా ఉంటాది మామా."

"ప్రశాంతంగా ఉండేదానికి మంత్రాలయం పో. బోరు దిగేటప్పుడు శబ్దం మారితేనే రాయి తగిలిందో మట్టి తగిలిందో తెలిసేది. ఇంజను ఏడుస్తాంటే ఇనపడొద్దా నీకు?"

"దానికి ముల్లు ఉంటాది, మీటరు ఉంటాది!"

"ముల్లు అబద్ధం చెప్తాది. చెవి చెప్పదు," అన్నాడు, సగం చెవుల మనిషి.

నేను మొండికేసి కొన్నాను. పార్సిల్ వచ్చిన రోజు మామ తలకు పెట్టి, బోరు బండి ఇంజను నడిపించి, మీట నొక్కినాను. మామ కాసేపు కళ్ళు మూసుకుని, "ఏం తేడా లేదే," అన్నాడు. ఆ మనిషికి లోకమంతా ముందునుంచీ అంతే నిశ్శబ్దం. నాకు కోపంతో ఒళ్ళు మండింది.

ఇక సంచి సర్దుడు. మోకాలికి కట్టుకునే రాతపలక, మ్యాపుల టాబ్లెట్, పవర్ బ్యాంకు, రెండు టార్చిలు, డజను బ్యాటరీలు, ఐదు పెన్నులు. పెట్రోల్లో నీళ్ళు చేరినాయేమో పట్టి చూసే చిన్న గొట్టం ఒక్కటే మామకు నచ్చింది. "నీళ్ళు కనుక్కునేదా! ఇది సరుకంటే." నీళ్ళుంటే విమానం ఎగరకూడదు మామా అని చెప్తే మొహం మాడ్చుకున్నాడు. "నీళ్ళు పడితే ఏడ్చే పని కూడా ఉండాదారా లోకంలో?"

దసరాకు ఆ సంచితోనే ఇంటికి పోయినాను. అదీ నా తప్పు. ఆయుధ పూజ నాడు మా అవ్వ ఇంట్లో కదిలేది, తిరిగేది, కోసేది ఏదీ వదలదు. బోరు బండి, ట్రాక్టరు, మందు కొట్టే పంపు, కుట్టు మిషను, ఆఖరికి మిక్సీ జారు, అన్నింటికీ బొట్టు. నేను పండగ భోజనం చేసి నిద్రపోయిన గంటలో నా సంచి కూడా వరసలో కూర్చుంది. లేచి చూస్తే సంచికి పూలదండ ఉంది. ముచ్చటగానే ఉందనుకుని, లోపల చూడకుండా మర్నాడు బస్సెక్కినాను.

ఆ మరుసటి ఉదయం నా మొదటి ఒంటరి ప్రయాణం. విమానం నేర్పే మా సార్ విశాఖ వైపు మనిషి, నెమ్మదస్తుడు. సాయంత్రం రైలుకు నెల సెలవు మీద పోతున్నాడు. ఆ ఉదయం నన్ను ఒంటరిగా వదలకపోతే, కొత్త సార్ వచ్చి నన్ను మళ్ళీ మొదటి పాఠం నుంచి చూస్తాడు. ఎండ ముదిరితే గాలి లేస్తుంది, ఇక ఆ రోజుకు లేనట్లే. సీట్లో కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎగరడానికి అనుమతిచ్చే కంట్రోల్ టవర్‌ను పలకరించినాను. మాట అందలేదన్నారు. మళ్ళీ పలికినాను. ఏదో గురగుర తప్ప ఏమీ లేదన్నారు. తలుపు దగ్గర నిలబడిన సార్ నా మైకును వెలుతురులోకి తిప్పి చూసినాడు. దాని స్పాంజి నిండా పసుపు, గంధం, కుంకుమ, తడిగా పట్టించి, ఎండి రాయైపోయి ఉన్నాయి. లోపలి చిల్లులు కూడా పూడిపోయినాయి.

"ఏంటి బాబూ ఇది, ప్రసాదమా?" అన్నాడు సార్.

రాతపలక అంచుతో గీకినాను, పెన్నుతో పొడిచినాను. సంచిలో రెండు టార్చిలున్నాయి, పట్టపగలు. డజను బ్యాటరీలున్నాయి. ఇంకొక మైకు లేదు. దిగి, చెట్టంత కోపంతో ఇంటికి ఫోన్ చేసినాను.

"అవ్వా! దాని నోటికి ఎవరు పూయమన్నారు నిన్ను?"

"నోరే గదా నాయనా ముఖ్యం. బండికి ముందు భాగానికి పెడతాము, దీనికి ముందున్నది అదే. నిండుగా పెట్టినా."

"నీ నిండుదనంతో నా విమానం ఆగిపోయిందవ్వా!"

అటువైపు గాబరా. "పడలేదు గదా?"

"పడేదానికి ఎగిరితే గదా!"

"అయితే పూజ పనిజేసింది లే," అని హాయిగా ఫోన్ పెట్టేసింది. ఆ క్షణంలో నన్ను ఇంజనుకు కడితే పెట్రోలు లేకుండా తిరిగేది.

వెనక్కి చూస్తే సార్ నిలబడి ఉన్నాడు, చేతిలో మేకు మీది ఉమ్మడి హెడ్‌సెట్. "గాలి లేవకముందే వెళ్ళి రండి." నలభై తలల నూనె నా నెత్తికెక్కింది. పక్క సీటు ఖాళీ. రొద మొత్తం, ఒక్క చుక్క తగ్గకుండా, నా చెవుల్లోనే. నేల వదిలినప్పుడు గొప్ప ఆలోచనలు వస్తాయంటారు. నాకు అవ్వను తిట్టాల్సిన మిగతా మాటలు వచ్చినాయి. రన్‌వే పక్కగా తిరిగి వస్తుంటే రొద గొంతు కొంచెం దిగింది. ముల్లు వైపు చూపు పోకముందే చెయ్యి పోయింది. ఇంజను జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ బిగువు వదులై నెమ్మదిగా వెనక్కి జారుతోంది. నెట్టి పట్టుకుని, బిగించి, చుట్టు పూర్తి చేసి దిగినాను. చెవి చెప్పింది. మామ చెప్పినట్లే. ఆ ఉదయం అన్నింటికంటే పెద్ద కోపం అప్పుడే వచ్చింది.

మొదటిసారి ఒంటరిగా ఎగిరి వచ్చినవాడి నెత్తిన నీళ్ళు గుమ్మరించడం అక్కడి ఆచారం. సార్ రెండు బకెట్లు పోసినాడు. తడిసిన చేత్తోనే మామకు ఫోన్ చేసి చెప్పినాను. "బోరు వేయకుండానే నీళ్ళు పడినాయిరా నీకు!" అని ఆయన అరిచిన అరుపుకు ఫోన్ అవసరమే లేదు. చెవి సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు నా సంచిలో రెండు హెడ్‌సెట్లుంటాయి, ఒక టార్చి తగ్గింది. అవ్వ గంధం పూసినదానికి స్పాంజి మార్చి చాలా కాలమైనా, మైకు కాడ మీద ఎర్రటి మరక పోలేదు. గీకడం నేనే మానేసినాను. పోయిన దసరాకు సంచి నేనే తీసుకుపోయి అవ్వ ముందు పెట్టి, తెరిచి, పీట వేసుకుని కావలి కూర్చున్నాను. అవ్వ గంధం గిన్నెలో వేలు ముంచి, నా మొహం చూసి ఆగింది.

"యాడ పెట్టమంటావప్పా? మళ్ళా ఫోన్లో అరుస్తావు."

ఆ రోజు అరిచిన పిల్లోడు నాకు కనపడినాడు, చేతిలో రెండు టార్చిలతో. నవ్వొచ్చింది. స్పాంజి ఊడదీసి జేబులో పెట్టుకుని, హెడ్‌సెట్ అవ్వ చేతికిచ్చినాను.

"దీని నెత్తిన పెట్టవ్వా. నిండుగా పెట్టు."