పచ్చకొమ్మ అంటు

నా చిన్నప్పుడు, పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, సికింద్రాబాద్‌లో మా పెరటి పీచ్ చెట్టుకు తెగులు తగిలింది. ఆకుల మీద పసుపు వలయాలు పడ్డాయి, పండ్లు గిడసబారి చప్పబడ్డాయి. బూడిద చల్లాను, వేపనూనె పూశాను, పొగాకు నీళ్లు చిలకరించాను. ఏదీ పనిచేయలేదు. పెద్దవాళ్లంతా రేడియో చుట్టూ చేరి మిలిటరీ ఎందాకా వచ్చిందో వింటుంటే, నా చెట్టు గోడు ఎవరికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఊరు కాస్త చల్లబడ్డాక పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చింది; ఆమెను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. వాళ్ల పెరట్లో మొలిచిన పీచ్ మొక్కకు మా చెట్టు మొగ్గతో అంటు కడతానని మా అమ్మమ్మ ఎప్పుడో మాటిచ్చింది. ఇప్పుడేమో ఇవ్వనంది.

“గా కొమ్మ జూడమ్మా, పచ్చగనే ఉంది గదా,” అంది ఖాలా.

“కొమ్మ పచ్చగున్నా చెట్టు మంచిగ లేదు, బిడ్డా.”

“ఇప్పుడు మేం పరాయోళ్లమైనమని సాఫ్‌గ చెప్పరాదా?”

ఆ రోజుల్లో ‘ఇవ్వను’ అంటే అలాగే వినిపించేది. ఖాలా కళ్లు తుడుచుకుంటుంటే నేను అమ్మమ్మ మీద విరుచుకుపడ్డాను. చర్చిలో చేసే ప్రార్థనలన్నీ ఉత్తవేనా అన్నాను. అమ్మమ్మ మాత్రం తాను గింజ నాటి పెంచుకున్న ఒక్కగానొక్క మొక్కకు, ఖాలా చూపించిన ఆ పచ్చకొమ్మ మొగ్గనే తెచ్చి కట్టింది. తర్వాత అంటు కోసిన కత్తిని మరిగే నీళ్లలో వేసింది.

“కొత్త ఆకు వచ్చేదాంక ఆగుండ్రి,” అంది.

ఆగడం నా వల్ల కాలేదు. క్రిస్మస్‌కు ఖాలా ఇంటికి పంపిన కేకు పళ్లెం ముట్టకుండానే తిరిగొచ్చింది. రోజూ ఆ మొక్క దగ్గర నిలబడి తిట్టుకునేదాన్ని.

చలి తగ్గాక చిగుళ్లు వేసింది. కట్టిన మొగ్గకే కాదు, మొక్కంతా అవే పసుపు వలయాలు. పరుగెత్తి ఖాలాను చేయి పట్టి లాక్కొచ్చాను. ఆమె వంగి ఆకులు తిప్పి చూసింది.

“నా మొక్కకు రావాల్సిన తక్లీఫ్ నీ మొక్కకు తెచ్చుకున్నవా, అమ్మా.”

అమ్మమ్మా ఖాలా కలిసి మా చెట్టునూ ఆ మొక్కనూ వేళ్లతో సహా పెకలించి కాల్చేశారు. ఖాలా మొక్క బతికింది.

అది వైరస్ అని తర్వాత తెలిసింది. పట్టిన చెట్టుకు మందు లేదు. జబ్బు లేని చెట్టు నుంచి అంటు తెచ్చుకోవడం, కత్తి శుభ్రంగా ఉంచుకోవడం, జబ్బు చెట్టును తీసేయడమే దారి. మనవరాలి ఫోనులో వెతికించినా ఇప్పటికీ అదే జవాబు, నాకు మళ్లీ అదే కోపం. ఎవరైనా నాకు ‘ఇవ్వను’ అంటే మాత్రం, కొత్త ఆకు వచ్చేదాకా నోరు మూసుకోవాలని చూస్తాను. చాలాసార్లు మూసుకోలేను.